భోజన ప్రియులకు ఒక పాఠం: ఇంటి వంట, హోటల్ భోజనం

"డాక్టరుగారూ, మందులు ఎన్నయినా రాయండి, వేసుకుంటాను. తిండి దగ్గర మాత్రం నన్ను ఆపకండి." ఈ మాట మా ఓ.పి.లో దాదాపు ప్రతిరోజూ వినిపిస్తుంది. అలా అనేవారి మీద మాకు కోపం రాదు. మంచి భోజనం చేయడం తప్పు కాదు. ఆవకాయ వాసన తగిలితే నోరూరని తెలుగువారు ఎంతమంది ఉంటారు? అయితే చాలామంది ఈ భయంతోనే ఆహార సలహా గదికి రాకుండా మందులు తీసుకుని వెళ్ళిపోతున్నారు. "లోపలికి వెళితే అన్నీ మానెయ్యమంటారు" అని ఒకరితో ఒకరు చెప్పుకుంటున్నారు. అందుకే ఈ నెల పాఠాన్ని తినడమంటే ఇష్టమున్నవారి కోసమే రాస్తున్నాము. ఏది మానాలి అనేది ఇందులో చాలా తక్కువ. ఏది ఎంత తినాలి, ఎలా వండుకోవాలి, బయట తినేటప్పుడు ఏమి చూసుకోవాలి అన్నదే ఎక్కువ.

ఒక మాస్టారి సంగతి

రిటైరైన ఒక మాస్టారు బి.పి. కోసం మా దగ్గర మూడు రకాల మాత్రలు వాడుతుండేవారు. అయినా బి.పి. తగ్గేది కాదు. ఒక పెళ్ళి భోజనం అయిన రెండో రోజు రాత్రి ఆయాసంతో, కాళ్ళ వాపుతో వార్డులో చేరారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. కోలుకున్న తరువాత మా సిస్టరు ఆయన భార్యతో కూర్చుని మాట్లాడింది.

"అమ్మా, కూరల్లో ఉప్పు ఎంత వేస్తున్నారు?"

"అసలు వేస్తున్నానా సిస్టర్? చప్పగా ఉందని ఈయన రోజూ గొడవే."

"ఉప్పు పాకెట్ ఎన్నాళ్ళకు ఒకటి కొంటారు?"

ఆమె కాసేపు ఆలోచించి చెప్పింది. "ఇద్దరమేగా అమ్మా. నెలన్నరకు ఒక కిలో అవుతుందేమో."

"మరి పచ్చడి?"

"పచ్చడికి వేరే. దానికి కల్లుప్పు తెప్పిస్తాం. చప్పగా ఉందని ఈయన రెండు పూటలా ఆవకాయ వేసుకుంటారు. మజ్జిగలోకి ఊరమిరపకాయలు, అప్పడం ఉండాల్సిందే. సాయంత్రం కాస్త మిక్చరు."

పక్క మంచం మీదనుంచి మాస్టారు నవ్వి, "సిస్టర్, లెక్కల మాస్టారిని నేను. కిలో ఉప్పు, ఇద్దరు మనుషులు, నలభై అయిదు రోజులు. ఒక్కొక్కరికి రోజుకు పదకొండు గ్రాములు. ఇన్నాళ్ళూ ఈ లెక్క నాకు తట్టనే లేదు" అన్నారు.

ఆ ఇల్లాలు అబద్ధం చెప్పలేదు. కూరలో నిజంగానే తగ్గించి వేసింది. తగ్గించిన ఉప్పు పచ్చడి ద్వారా, అప్పడం ద్వారా మళ్ళీ కంచంలోకి వచ్చింది. చాలా ఇళ్ళలో జరుగుతున్నది ఇదే.

ఉప్పు లెక్క

పెద్దవారు రోజుకు 5 గ్రాములలోపు ఉప్పు తినాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే కొలిచినట్టుగా ఒక టీస్పూను. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో కూడా పరిమితి ఇదే. ఈ ఒక్క టీస్పూనులోనే కూర, పప్పు, చారు, పచ్చడి, టిఫిన్, బిస్కట్టు, అన్నీ కలిసి ఉండాలి.

ఈ లెక్కన నలుగురు పెద్దవారున్న ఇంటికి రోజుకు 20 గ్రాములు. కిలో పాకెట్ 50 రోజులు రావాలి. పచ్చళ్ళు, అప్పడాలు, బయటి తిండి ద్వారా వచ్చే ఉప్పును కూడా కలుపుకుంటే ఆ పాకెట్ ఇంకా ఎక్కువ రోజులు రావాలి. చేపలు కడగడానికి, ఇతర పనులకు కొంత పోతుందనుకున్నా, 25 రోజులకే పాకెట్ ఖాళీ అవుతుంటే మన నాలుక ఎంత ఉప్పుకు అలవాటు పడిందో తెలుసుకోవచ్చు.

రుచి చెడకుండా తగ్గించే మార్గాలు మన వంటలోనే ఉన్నాయి. పులుపు ఉన్నచోట ఉప్పు తక్కువైనా నాలుకకు అంతగా తెలియదు. చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ, గోంగూర, చింతచిగురు అందుకే మనకు మంచి తోడు. ఇంగువ, వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, కరివేపాకు, కొత్తిమీర రుచిని నిలబెడతాయి. ఉప్పును వంట మొదట్లో కాకుండా దించే ముందు వేస్తే తక్కువతోనే సరిపోతుంది. చేత్తో చల్లకుండా స్పూనుతో కొలవండి. ఒక్కసారిగా సగం చేస్తే ఇంట్లో ఎవరూ తినరు. వారానికి కొంచెం చొప్పున తగ్గించండి. కొన్ని వారాల్లో నాలుక ఆ రుచికి అలవాటు పడుతుంది. ఆ తరువాత పాత ఉప్పే ఎక్కువ అనిపిస్తుంది.

మరి ఆవకాయ? మానెయ్యమని మేము చెప్పము. ఆవకాయలో ఉప్పు రుచి కోసమే కాదు, ఏడాదంతా పాడవకుండా ఉండడానికి వేస్తారు. కాబట్టి అందులో తగ్గిస్తే బూజు పడుతుంది. తగ్గించవలసింది జాడీలో కాదు, కంచంలో. ఆవకాయ వేసుకునే రోజున అప్పడం, ఊరమిరపకాయలు వద్దు. కూర స్థానంలో కాకుండా, పప్పన్నంలో నంజుకోవడానికి చిన్న ముక్క చాలు. బి.పి., గుండె, కిడ్నీ జబ్బులు ఉన్నవారు రోజువారీ నిల్వ పచ్చడికి బదులు దోసకాయ, బీరకాయ, టమాటా, వంకాయ వంటి రోటి పచ్చళ్ళు చేసుకోవచ్చు. అవి ఆ పూటకే కాబట్టి ఉప్పు మన చేతిలో ఉంటుంది.

రెండు అపోహలను ఇక్కడే తీర్చుకుందాం. సైంధవ లవణం, గులాబీ రంగు ఉప్పు మంచివని, ఎంతయినా వాడవచ్చని కొందరు నమ్ముతున్నారు. అవి కూడా చాలావరకు సోడియం క్లోరైడే. పైగా వాటిలో చాలావాటికి అయోడిన్ కలపరు. ఇక సోడియం తక్కువ అని అమ్మే ఉప్పులో పొటాషియం కలుపుతారు. చాలామందికి అది మేలు చేయవచ్చు గాని, కిడ్నీ జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల బి.పి. మాత్రలు వాడేవారికి రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. డాక్టరును అడగకుండా దానిని కొనకండి.

నూనె లెక్క

పెద్దవారికి రోజుకు నాలుగైదు టీస్పూన్ల నూనె సరిపోతుంది. అంటే నలుగురికి నెలకు రెండున్నర నుంచి మూడు లీటర్లు. ఒక టీస్పూను నూనెలో సుమారు 40 కేలరీలు ఉంటాయి. అది ఏ నూనె అయినా అంతే. "ఇది గుండెకు మంచి నూనె" అని ప్రకటన చూసి ధారాళంగా పోస్తే బరువు పెరగక మానదు.

వంకాయ వేపుడు, బెండకాయ వేపుడు ఇష్టమున్నవారు ముక్కలను ముందు కాస్త ఆవిరి మీద ఉడికించి, తరువాత మందపాటి మూకుడులో తక్కువ నూనెతో వేయించి చూడండి. తాలింపుకు ఒక టీస్పూను చాలు. ఆవాలు చిటపటలాడడానికి గరిటెడు నూనె అవసరం లేదు.

గారెలు, బూరెలు చేసిన రోజున మిగిలిన నూనెను ఏమి చేయాలని తల్లులు అడుగుతుంటారు. చల్లారాక వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో కూరల తాలింపుకు వాడి పూర్తి చేయండి. మళ్ళీ వేపుళ్ళకు మరిగించవద్దు. కొత్త నూనెలో కలపవద్దు. నల్లబడినా, నురగ వస్తున్నా, పొగ త్వరగా వస్తున్నా పారవేయండి. నూనెను మరిగించిన కొద్దీ అందులో హానికరమైన పదార్థాలు పెరుగుతాయి. వాటి మొత్తం 25 శాతం దాటిన నూనెను ఆహార వ్యాపారులు వాడకూడదని మన దేశంలో 2018 జూలై నుంచి నియమం ఉంది. వేపుడు నూనె రంగు చూడకుండా బజ్జీల బండి దగ్గర ఆగకండి.

కంచంలో అన్నం

షుగర్ ఉన్నవారు అడిగే మొదటి ప్రశ్న, "అన్నం మానేసి రాగి సంకటి తినవచ్చా, జొన్న రొట్టె తినవచ్చా?" తినవచ్చు. పీచు ఎక్కువ కాబట్టి అవి మంచివే. కాని అవీ పిండి పదార్థాలే. ఒక కప్పు అన్నం మానేసి రెండు పెద్ద సంకటి ముద్దలు తింటే షుగర్ తగ్గదు. ఏది తిన్నా కొలత ముఖ్యం.

కంచాన్ని మనసులో మూడు భాగాలు చేసుకోండి. సగం కంచం కూరగాయలు, ఆకుకూరలు. పావు కంచం పప్పు, గుడ్డు, చేప, కోడి మాంసం, శనగలు వంటివి. మిగిలిన పావు కంచంలోనే అన్నం గాని, రొట్టె గాని, సంకటి గాని. మనం సాధారణంగా అన్నం రాశిగా పోసుకుని కూరను నంజుకుంటాము. దానిని తిరగవెయ్యాలి. అన్నం కలపడానికి ముందే ఒక కప్పు కూర, కొంచెం పప్పు విడిగా తినండి. కూరగాయలు, మాంసకృత్తులు ముందు తిని, పిండి పదార్థాలు తరువాత తింటే భోజనానంతరం షుగర్ తక్కువగా పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఈ పద్ధతికి ఖర్చు ఏమీ లేదు.

చివర పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టు ఉండదనేవారు, ఆ నాలుగు ముద్దల అన్నాన్ని మొదటే లెక్కలో ఉంచుకోండి. లేకపోతే పలచని మజ్జిగ తాగి లేవండి.

హోటల్లో ఏమి తినాలి?

ప్రయాణాలు, ఉద్యోగాలు, ఆసుపత్రి పనులు ఉన్నప్పుడు బయట తినక తప్పదు. ఆదివారం ఆరాధన ముగిశాక కుటుంబమంతా కలిసి హోటలుకు వెళ్ళడం కూడా సంతోషమే. ఆ సంతోషాన్ని పాడుచేయాలని మాకు లేదు. ఈ కొద్ది విషయాలు చూసుకోండి.

టిఫిన్: ఇడ్లీ ఆవిరి మీద ఉడికేది కాబట్టి నూనె ఉండదు. పెసరట్టులో పొట్టు పెసలు ఉన్నందున మాంసకృత్తులు, పీచు దొరుకుతాయి. నూనె తక్కువ వేసి కాల్చమని అడగండి. లోపల ఉప్మా పెట్టించుకుంటే రెండు టిఫిన్లు తిన్నట్టే. పూరీ, వడ, మైసూర్ బజ్జీ నెలలో ఒకటి రెండు సార్లకు ఉంచుకోండి. అల్లం పచ్చడిలో బెల్లం ఉంటుందని షుగర్ ఉన్నవారు మరచిపోతారు.

మీల్స్: ఫుల్ మీల్స్ అంటే ఆకు ఖాళీ కాకముందే అన్నం వడ్డిస్తారు. ప్లేట్ మీల్స్ తీసుకుని కూర మరొకసారి అడగండి. అప్పడం, పచ్చడి, స్వీటు, ఈ మూడింటిలో ఒకటే ఎంచుకోండి.

బిర్యానీ: దమ్ బిర్యానీ ఒక ప్లేటు చాలాచోట్ల ఇద్దరికి సరిపోతుంది. ముందే రెండు భాగాలు చేసి పంచుకోండి. మాంసం ముక్కలు తినండి, అన్నం తగ్గించండి. మిర్చీ కా సాలన్‌లో పల్లీలు, నువ్వులు, నూనె బాగా ఉంటాయి కాబట్టి రెండు స్పూన్లు చాలు. పెరుగు చట్నీ, ఉల్లిపాయ, కీర ముక్కలు ఎక్కువ తీసుకోవచ్చు. కూల్ డ్రింకు బదులు మంచినీళ్ళు తాగండి. బిర్యానీ తిన్న రోజు రాత్రికి తేలికగా మజ్జిగ, కూర తింటే సరిపోతుంది.

కర్రీ పాయింట్: ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇళ్ళకు ఇది పెద్ద సహాయం. అన్నం ఇంట్లో వండుకుని కూరలు తెచ్చుకునేవారు వేపుళ్ళు కాకుండా పప్పు, ఆకుకూర, పులుసు అడగండి. కూర పైన తేలే నూనెను స్పూనుతో తీసివేయండి. వేడి కూరను పలచని ప్లాస్టిక్ కవరులో కట్టించుకోకుండా ఇంటినుంచి స్టీలు క్యారియరు తీసుకువెళ్ళండి.

చాయ్: ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్టు పేరు చెబితే హైదరాబాదు గుర్తుకు వస్తుంది. రోజుకు నాలుగు చాయ్‌లు తాగేవారు ఒక్కో చాయ్‌లో రెండు స్పూన్ల పంచదార అనుకున్నా రోజుకు ఎనిమిది స్పూన్లు. పంచదార లేకుండా అడగడానికి సిగ్గుపడకండి.

కడుపును కాపాడుకోండి

రుచి ఎంత ఉన్నా శుభ్రత లేకపోతే ఆసుపత్రి మంచమే. హోటల్ బిల్లు మీద ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉందేమో చూడండి. రద్దీ ఉన్నచోట, మీ ఎదుటే వేడివేడిగా చేసిన పదార్థం తినడం మేలు. కోసి ఉంచిన పండ్ల ముక్కలు, ఐసు వేసిన రసాలు, బయట ఉంచిన చట్నీలు ప్రమాదం. పచ్చి గుడ్డుతో చేసే మయొన్నైజ్ వలన సాల్మొనెల్లా అనే క్రిమి సోకవచ్చు. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న అటువంటి మయొన్నైజ్‌ను ఒక సంవత్సరం పాటు నిషేధించింది.

ఇంట్లో కూడా జాగ్రత్త అవసరం. వండిన పదార్థాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకండి. మండు వేసవిలో గంటే గడువు. ముఖ్యంగా అన్నంలో పెరిగే ఒక క్రిమి విడుదల చేసే విషం మళ్ళీ వేడి చేసినా పోదు. మిగిలిన బిర్యానీని, ఫ్రైడ్ రైసును చిన్న గిన్నెల్లోకి తీసి త్వరగా ఫ్రిజ్‌లో పెట్టండి. మరుసటి రోజు తినేటప్పుడు ఒకేసారి, పొగలు వచ్చేలా వేడి చేయండి. చంటిపిల్లలు, గర్భిణులు, క్యాన్సరు మందులు వాడేవారు తాజాగా వండినది తినడమే క్షేమం.

విందు రోజున మందులు

ఇది చాలా ముఖ్యమైన మాట. "సాయంత్రం విందు ఉంది కదా" అని మధ్యాహ్నం భోజనం మానేసి, ఇన్సులిన్ గాని షుగర్ మాత్ర గాని మామూలుగా వేసుకునేవారు ఉన్నారు. పెళ్ళిలో భోజనాలు ఆలస్యమవుతాయి. చెమటలు, వణుకు, గుండె దడ, మాట తడబడడం మొదలవుతాయి. ఇది లో షుగర్. వెంటనే మూడు టీస్పూన్ల పంచదారను గాని గ్లూకోజును గాని నీళ్ళలో కలిపి తాగించాలి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మరోసారి ఇవ్వాలి. కాస్త తేరుకున్నాక భోజనం పెట్టాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పొయ్యకుండా ఆసుపత్రికి తీసుకురండి. విందు రోజున కూడా మధ్యాహ్నం కొంచెమైనా తినండి. మందు సమయం మార్చాలంటే ముందు మమ్మల్ని అడగండి. స్వీటు తిన్నామని సొంతంగా ఒక మాత్ర ఎక్కువ వేసుకోవద్దు.

గుండె బలహీనంగా ఉన్నవారు విందు తరువాత రెండు మూడు రోజులు ఉదయమే బరువు చూసుకోండి. రెండు కిలోలు పెరిగినా, కాళ్ళు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా తెల్లవారేదాకా ఆగవద్దు.

ఈ నెల ఇంటి పని

ఈ రోజు ఇంటికి వెళ్ళగానే ఉప్పు పాకెట్ మీద, నూనె పాకెట్ మీద వాడడం మొదలుపెట్టిన తేదీ పెన్నుతో రాయండి. ఖాళీ అయిన రోజున మరో తేదీ రాయండి. కుటుంబమంతా కూర్చుని ఈ ప్రశ్నలకు జవాబు చెప్పుకోండి.

1. మన ఇంట్లో ఉప్పు ఒక్కొక్కరికి రోజుకు ఎన్ని గ్రాములు వచ్చింది?
2. కూరలో కాకుండా ఇంకా ఏయే రూపాల్లో ఉప్పు తింటున్నాము?
3. నెలలో ఎన్నిసార్లు బయట తిన్నాము? అందులో ఆకలితో తిన్నది ఎన్నిసార్లు?
4. ఇంట్లో షుగర్, బి.పి. ఉన్నవారి కోసం విడిగా వండుతున్నామా, లేక అందరమూ అదే తింటున్నామా?

చివరి ప్రశ్న గురించి ఒక మాట. నాన్నకు చప్పటి కూర, మిగతావారికి వేపుడు వడ్డిస్తే ఆయన ఎన్నాళ్ళు తింటారు? తక్కువ ఉప్పు, తక్కువ నూనె ఇంటిల్లిపాదికీ మంచిదే. ఒకే వంట అందరూ తింటే రోగి ఒంటరివాడు కాడు. వండేవారికి శ్రమ కూడా తగ్గుతుంది.

మాస్టారి సంగతి మీరు అడుగుతారని తెలుసు. ఆయన ఇప్పటికీ ఆవకాయ తింటున్నారు, ఆదివారం మధ్యాహ్నం మాత్రమే, ఒక్క ముక్క. అప్పడం మానేశారు. ఉప్పు పాకెట్ ఆ ఇంట్లో ఇప్పుడు మూడు నెలలు దాటి వస్తోంది. బి.పి. అదుపులోకి వచ్చాక మూడు మాత్రల్లో ఒకదానిని డాక్టరుగారు తగ్గించారు. మీరు మాత్రం ఏ మాత్రనూ సొంతంగా మానవద్దు. వచ్చే నెల ఓ.పి.కి వచ్చేటప్పుడు మీ పాకెట్ మీద రాసిన తేదీలు చీటీ మీద రాసుకుని తీసుకురండి. ఆహార సలహా గది తలుపు తీసే ఉంటుంది. అన్నీ మానెయ్యమని అక్కడ ఎవరూ చెప్పరు. లెక్క మాత్రం అడుగుతాము.